టైరు పంక్చరును పూడ్చు ద్రవము: విడీ ఘర్కుల్ దారులలో దాని ఉపయోగము, హద్దులు

తెలంగాణపు నేతగాండ్రు సోలాపురమునకు ఎట్లు వలసవచ్చిరి, ఇచటి దుప్పటికిని తువాలకును దేశమంతట పేరెట్లు కలిగెను అను విషయములపై మన సంచికలలో పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. నేనెత్తుకొనిన విషయమునకు అంతటి గాంభీర్యము లేదు. ఇది చక్రమున దిగిన ముల్లును గూర్చిన వ్యాసము. అయినను విడీ ఘర్కుల్‌లో కాపురముండువారికి దీని ప్రాధాన్యమును వేరుగ చెప్పనక్కరలేదు.

మరాఠీలో బీడీని విడీ అందురు. ఘర్కుల్ అనగా చిన్న ఇల్లు. నగరమునకు తూర్పున, హైదరాబాదు దారి చెంత బీడీ కార్మికులకై వెలసిన పేట కనుక దీనికీ పేరు వచ్చినది. పేరు బీడీలదైనను ఇందలి కుటుంబములలో అనేకము నేతవారివే. ఇంటి ఆడువారు బీడీలు చుట్టుదురు. మగవారు పవర్‌లూము షెడ్లకు పోవుదురు. తరువాత 2006లో కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేరిట బీడీ కార్మిక స్త్రీలకు పదివేల గృహములు ఏర్పడినవి. ఇట్టి పేటలన్నియు ఊరి అంచున భూమి దొరకినచోట కట్టబడినవే. కావున మనవారికి ఇల్లు దక్కినది గాని పని దూరమైనది. మగ్గము ఇంటిలోనే ఉన్న కాలమున నేతగానికి చక్రముతోడి పని రాట్నముతోనే తీరెను. నేడు సైకిలో, మోపెడో, స్కూటరో లేనిదే ఇంట పొయ్యి వెలుగుట కష్టము.

ఉదయము ఈ వీధులలో నిలిచి చూచినవారికి సంగతి తెలియును. ముందురోజు చుట్టిన బీడీకట్టలను తట్టలో సర్ది, గుడ్డ కప్పి, భర్త మోపెడు వెనుక కూర్చుండి ఇల్లాలు కంపెనీ బ్రాంచికి పోవును. అచట బీడీలను అప్పగించి, తునికియాకును తంబాకును తీసికొని రావలెను. వేళ మించినచో ఆనాటి అప్పగింత ఆగిపోవును. ఆకు చేతికి రానిచో మరునాటి పని లేదు. ఆమెను దింపి అతడు షెడ్డుకు పోవలెను. దారిలో వెనుక చక్రము చప్పబడినదా, ఒక ముల్లు రెండు కూలీలను పొడిచినట్లే. పంక్చరు వేయించుటకగు ఖర్చు స్వల్పమే. పోవు పూట విలువ దానికంటె ఎక్కువ.

ఇక ఆ ముల్లు సంగతి. సోలాపురపు నేల మెట్టనేల. నల్లతుమ్మయు సర్కారుతుమ్మయు దారుల ప్రక్కన విచ్చలవిడిగ పెరుగును. వీనిలో సర్కారుతుమ్మ మన దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండమునుండి వచ్చినది. వంటచెరకు కొరత తీరునని 1870 దశకమున దీని విత్తనములను తెప్పించి నాటినారు. ఆ తొలి నాటులలో కడప మండలపు కమలాపురము ఒకటి. తెలుగునేలపై వేరూనిన ఆ చెట్టు ముల్లు నేడు మహారాష్ట్రమున తెలుగువాని టైరును పొడుచుట ఒక చిత్రమే. కంచెలకై కొట్టిన కొమ్మలు దారిపై పడి ఎండును. పచ్చిముల్లు వంగిపోవునేమో గాని ఎండుముల్లు మేకు వలె నిలిచి దిగును. దీనికి తోడు షెడ్ల పరిసరములందు తీగముక్కలు, సీలలు, చిన్న మేకులు నేలపై పడియుండును.

గాలి టైరు పుట్టిననాటినుండియు పంక్చరు దాని తోబుట్టువు. చార్లెస్ గుడియర్ 1839లో రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతిని కనుగొనెను. గాలి నింపిన చక్రమునకు రాబర్ట్ థామ్సన్ 1845లోనే హక్కుపత్రము పొందియుండెను గాని అది వాడుకలోనికి రాలేదు. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ బెల్‌ఫాస్టు నగరమున దానిని మరల కనిపెట్టిన పిదపనే అది లోకమంతట వ్యాపించెను. తొలినాళ్లలో టైరును చక్రపు కమ్మికి జిగురుతో అంటించెడివారు. ముల్లు దిగినచో ఊడదీయుట ఒక పని, జిగురారువరకు కాచుకొనుట వేరొక పని. ఈ బాధ తీర్చుటకే ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు 1891లో ఊడదీయుటకు వీలైన టైరును తెచ్చిరి. అప్పటినుండి నేటివరకు మన పంక్చరు దుకాణమువాడు చేయుచున్న పని ఇంచుమించు ఒక్కటియే: టైరు విప్పుట, ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగలు చూచుట, గీరుట, సొల్యూషన్ పూయుట, ప్యాచి అంటించుట.

పంక్చరు అయిన తరువాత అతుకువేయుట గాక, అగునప్పుడే తానై పూడుకొనునట్లు చేయలేమా అను ఆలోచనయు పాతదే. దీనికి యుద్ధవిమానములందు ఒక చక్కని ఉదాహరణ కలదు. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల పెట్రోలు తొట్లకు రబ్బరు పొరలు తొడిగెడివారు. నడిమి పొర కాచని పచ్చిరబ్బరు. తుపాకిగుండు దూసిపోయినప్పుడు కారు పెట్రోలు ఆ పొరకు తగులగనే అది ఉబ్బి కన్నమును మూసెడిది. టైరులో పెట్రోలు లేదు, గాలి మాత్రమే ఉన్నది. కావున ఇచట ఉపాయము వేరు. కొంత ద్రవమును టైరులోనే ముందుగ పోసియుంచుదురు. బజారులో దీనిని సీలెంటు అందురు. ఈ వ్యాసమందు నేను దీనిని పూడిక ద్రవమని పిలిచెదను. చెరువు పూడిక ఎరిగిన మనవారికి ఆ మాట అర్థమగుటకు ఆలస్యము కాదు. ద్రవము పనిచేయు తీరు కూడ ఆ మాటలోనే ఉన్నది.

చెరువు తూమును తలచుకొనుడు. నీరు వేగముగ తూముకు పోవుచుండగా అందు కొట్టుకొనివచ్చిన గడ్డిపోచలు తూము నోటికి అడ్డుపడును. రెండు పోచలు అడ్డము నిలిచినచో మూడవది వానికి తట్టుకొనును. తరువాత ఆకులు, ఆపై ఇసుక, చివరకు బురద, నీరు ఆగిపోవును. మంచి పూడిక ద్రవమందును ఇట్లే మూడు వస్తువులుండును. గడ్డిపోచల స్థానమున సన్నని పీచు, ఇసుక స్థానమున రబ్బరు నలుసులు, బురద స్థానమున చిక్కని జిగురు పదార్థము. కన్నము పడగనే లోని గాలి బయటకు తన్నుకొనిపోవుచు ద్రవమును తనతో తోయును. పీచు కన్నమునకు అడ్డముగ పడును, నలుసులు సందులలో చిక్కును, జిగురు వానిని కలిపి బిగించును. ఇదంతయు కొన్ని క్షణములలో, చక్రము రెండు మూడు చుట్లు తిరుగునంతలో జరుగును. గాలి బయటికి తోయుచుండుటయే పూడికకు బలము. బయటినుండి అంటించు ప్యాచిని గాలి ఊడదీయజూచును. లోపలినుండి పడు పూడికను గాలియే బిగించును.

అయితే చక్రపు అడుగున నిలిచియుండు ద్రవము పైభాగమున దిగిన ముల్లు వద్దకు ఎట్లు చేరును? ఈ ప్రశ్న మా తరగతిలో ఒక బాలుడు అడిగినదే. తాడుకు చెంబు కట్టి గిరగిర త్రిప్పినచో నీరు ఒలుకదు గదా. ఇచటను అదియే న్యాయము. చక్రము తిరుగునప్పుడు ద్రవము టైరు లోపలి నడకభాగమునకు అంటుకొని పొరవలె పరచుకొనును. ఇరుసునుండి 25 సెంటీమీటర్ల దూరమున టైరు లోపలి తలముండు మోపెడు గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. అప్పుడు ద్రవమును బయటికి ఒత్తు బలము దాని బరువునకు ఇంచుమించు 50 రెట్లు. ఈ లెక్కనుండియే ద్రవమునకు గల ఒక ముఖ్యమైన హద్దు కూడ తెలియుచున్నది. ద్రవము నేలతాకు నడకభాగమును వదలి ప్రక్కగోడలపైకి ఎక్కదు. ప్రక్కగోడకు పడిన కన్నమును ఇది మూయజాలదు. మూసినను అచట టైరు ప్రతి చుట్టుకును వంగుచు లేచుచుండుటచేత ఆ పూడిక నిలువదు.

పూడిక ద్రవములు ముఖ్యముగ రెండు తెగలు. మొదటిది రబ్బరుపాలతో చేసినది. కేరళమున చెట్టునుండి తీయు పాలలో రబ్బరు నూటికి 30 నుండి 40 పాళ్లుండును. యంత్రముపై చిలికి దానిని 60 పాళ్లవరకు చిక్కబరచి, విరిగిపోకుండుటకు అమోనియా కలుపుదురు. ఆ పాలలోని రబ్బరు కణములు ఒకదానినొకటి అంటకుండ తేలుచుండును. కన్నమునుండి బయటపడునప్పుడు రాపిడి తగిలి, నీరు ఆరి, అమోనియా ఎగిరిపోవగా ఆ కణములు ఒక్కటై గడ్డకట్టును. తోడు పడిన పాలు పేరుకొనుట వంటిదే ఇది. దీని పూడిక నిజమైన రబ్బరు గనుక గట్టిగ సాగును. కాని టైరులోనే ఉండి కూడ ఈ పాలు మెల్లమెల్లగ ఆరిపోవును. చలిదేశములందు అయిదారు నెలలు నిలుచునది, వేసవిలో ఎండ 42, 43 డిగ్రీలకు ఎక్కు మన సోలాపురమున అంతకాలము నిలుచునని నమ్మరాదు. ఆరిన పిదప లోపల రబ్బరు ఉండలు, చారలు మిగులును. ద్రవమున్నదను ధైర్యము మాత్రము బండివానికి మిగులును.

రెండవ తెగ గ్లైకాల్ అను ద్రవముతో చేసినది. గ్లైకాల్ మరుగు వేడిమి నీటికంటె చాల ఎక్కువ, అనగా 190 డిగ్రీల దరిదాపు. కావున ఇది త్వరగ ఆరదు. దీనిలో పీచును, రబ్బరు నలుసులను, చిక్కదనము నిచ్చు పదార్థములను, ఇనుము త్రుప్పుపట్టకుండు మందును కలుపుదురు. ఇది గడ్డకట్టి రబ్బరు కాదు. పీచు అల్లికతోనే కన్నమును మూయును. మన ఎండలకు, నిత్యము నడచు మోపెడుకు ఇదియే మేలని నా అభిప్రాయము. కాని ఇంటి పెద్దలందరు ఎరుగవలసిన మాట ఒకటి కలదు. గ్లైకాల్‌లలో ఎథిలీన్ గ్లైకాల్ అనునది రుచికి తియ్యగనుండు విషము. ఒకే గదిలో బీడీయాకును, బియ్యమును, పిల్లలును ఉండు ఇండ్లలో పచ్చగ మెరయు సీసాను క్రింద ఉంచుట ప్రమాదము. సగము మిగిలిన సీసాను అటకపై బిగించి పెట్టుడు. కారిన ద్రవమును నీటితో కడిగివేయుడు. ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినవి అంత హానికరములు కావు. సీసాపై ఏది వాడిరో చదివి కొనుట మంచిది.

ఒకనాడు ఒక విద్యార్థి తండ్రి, సాంచాలపై ముప్పదియేండ్లు పనిచేసినవాడు, నన్నొక మాట అడిగెను. “పంతులుగారూ, పడుగుకు గంజి పెట్టి పోగును గట్టిచేయు వాండ్లము మేము. చింతగింజల పిండి గంజియో, తుమ్మబంకయో ట్యూబులో పోసిన చాలదా? సీసాకు అన్ని వందలెందుకు?” అనెను. ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. గంజికి జిగురున్నది, బంకకు పట్టున్నది. లోపమెచటననగా, గంజి నాలుగు దినములకు పులిసి కుళ్లును, ఆ పులుపు ఇనుప రిమ్మును తినివేయును. బంక ఆరి రాయియగును. ఆరిన ముద్ద ఒకవైపున చేరి చక్రము కొట్టుకొనును. పైగా రెంటిలోను అడ్డుపడు పీచు లేదు. గడ్డిపోచ లేని బురద తూమును మూయలేదు గదా. పూడిక ద్రవమందలి విలువ దాని జిగురుకంటె, నెలల తరబడి ఆరకయు, కుళ్లకయు, పీచు అడుగున దిగిపోకయు ఉండుటలో నున్నది. అతనికి ఈ సమాధానము నచ్చినది. “అనగా పడుగును ఎప్పటికిని తడిగనే ఉంచు గంజి అన్నమాట” అని తానే తేల్చెను. ఇంతకంటె చక్కగ నేను చెప్పలేదు.

ట్యూబున్న టైరులోను లేని టైరులోను ఈ ద్రవము సమానముగ పనిచేయదు. ఈ భేదమును అమ్మువారు చెప్పరు. ట్యూబులేని టైరున మేకు దిగినచో దళసరి రబ్బరు దానిని పట్టియుంచును. గాలి మెల్లగ పోవును. పూడికకు సమయము చిక్కును. ట్యూబు అట్లు కాదు. అది సాగదీసిన పలుచని రబ్బరు. ముల్లు దిగగనే గాలి ట్యూబునకు టైరునకు నడుమకు చేరి, రిమ్ము కన్నములగుండ పోవును. ముల్లు టైరులో నిలిచియుండగా ట్యూబు కొంచెము జరుగుచుండును గనుక చిన్న కన్నము చీలికయగును. గాలి తక్కువైన చక్రము గుంతలో పడునప్పుడు రిమ్ము నొక్కి ట్యూబునకు జంటగ రెండు చీలికలు పడును. వీనికి పూడిక ద్రవము పనికిరాదు. కావున ట్యూబులో దీనివలన సన్నని ముల్లుగాట్లకు మాత్రమే రక్షణ అనుకొనవలెను. మన సైకిళ్లన్నియు, పాత మోపెడులు పెక్కును ట్యూబువే.

కన్నపు పరిమాణమును గూర్చియు ఒక చిన్న లెక్క. మోపెడు టైరులో గాలి చదరపు అంగుళమునకు సుమారు 30 పౌండ్లు, అనగా చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు ఉండునని కొందము. 3 మిల్లీమీటర్ల కన్నముపై గాలి ఒత్తిడి 140 గ్రాముల బరువుతో సమానము. కన్నము 6 మిల్లీమీటర్లయినచో ఒత్తిడి నాలుగింతలై అర కిలోను మించును. పూడికను పట్టియుంచు అంచు మాత్రము రెండింతలే యగును. 6 మిల్లీమీటర్లకు మించిన కన్నములను మూయుదునని ఈ ద్రవములు సాధారణముగ చెప్పుకొనకపోవుటకు కారణమిదియే.

ఈ హద్దులను నేను పుస్తకములందు చదువుటకు ముందే దారిలో నేర్చుకొంటిని. ఒక దుకాణదారు “ఇక మీకు జన్మలో పంక్చరు లేదు” అని చెప్పి నా బండి రెండు చక్రములలోను ద్రవము పోసెను. నేను నమ్మితిని. గాలి చూచుట మానితిని, టైరు అరుగుదల చూచుట మానితిని. హైదరాబాదు దారిలో బోరామణి దాటిన పిదప వెనుక టైరు ప్రక్కగోడ చీలి చక్రము ఒక్కసారిగ కూలెను. వెనుకనుండి లారీలు వచ్చుచున్నవి. దైవవశమున దారి అంచున పడితిని. మోకాలికి కుట్లు పడినవి. ఆ టైరు చీలుటకు ద్రవము కారణము కాదు. టైరు ముసలిది, గాలి తక్కువ. చాలదినములుగ వేడెక్కి వేడెక్కి లోని దారపుపొరలు తెగియున్నవి. ద్రవము లేకున్నచో చిన్న పంక్చరు వచ్చినప్పుడైనను దుకాణమున టైరు విప్పెడివారు, ఆ చీలిక కంటబడెడిది. పూడిక ద్రవము చిన్న జబ్బులను కప్పుటతో పెద్ద జబ్బు కానరాకపోయెను. అందుచేత ద్రవము పోయించినవాడు వారమునకొకసారి గాలి కొలిపించుటయు, నెలకొకసారి టైరును నలుదిక్కుల త్రిప్పి చూచుటయు మరింత శ్రద్ధగ చేయవలసియున్నది.

మా వీధి మలుపున పంక్చరు వేయు అతని అభిప్రాయమును ఈ సందర్భమున అడిగితిని. ఈ సీసాలవలన అతని కూటికి దెబ్బ తగులునని నేననుకొంటిని. అతడు వేరొక బాధ చెప్పెను. ద్రవమున్న ట్యూబును విప్పినచో చేతులన్నియు జిడ్డు. తుడిచి, కడిగి, బాగుగ ఆరనిదే సొల్యూషన్ పట్టదు, ప్యాచి నిలువదు. పని రెండింతలగును, బండివాడు మాత్రము పాతధరయే ఇచ్చును. చాలమంది ద్రవము పోయించితిమని ముందు చెప్పరట. ఇది న్యాయము కాదు. చెప్పి విప్పించుడు, అతని శ్రమకు తగినది ఇండు. ట్యూబులేని టైరుకైనచో అతడు మేకు లాగి జిగురుపుల్ల గ్రుచ్చును. ఆ పని ద్రవమున్నను ఏదోవిధముగ సాగును.

పోయు విధానము సులభమే. వాల్వు లోని చిన్న సూదిని విప్పి, గాలి తీసి, సీసాను బాగుగ కుదిపి, వాల్వు పైభాగముననో ప్రక్కననో ఉండునట్లు చక్రమును నిలిపి పోయవలెను. సైకిలు ట్యూబునకు సుమారు 100 మిల్లీలీటర్లు, మోపెడు స్కూటరు టైరులకు 200 నుండి 350 వరకు కావలెను. తక్కువ పోసినచో పొర చాలదు. ఎక్కువైనచో చక్రము అదరును. పిదప గాలి నింపి వెంటనే నాలుగైదు కిలోమీటర్లు నడపవలెను. నడపక నిలిపినచో ద్రవము అడుగుననే ఉండును. తరువాత ఎప్పుడు గాలి కొలిచినను వాల్వును పైకి త్రిప్పుకొని కొంతసేపు ఆగవలెను, లేనిచో పీచు వాల్వులో చిక్కి దానిని మూయును. ముల్లు కనబడిన వెంటనే లాగి, ఆ కన్నము నేలకు తాకునట్లు చక్రమును త్రిప్పి నిలిపినచో ద్రవము అచటికి చేరును. బుడగలు ఆగిన పిదప కొంచెము దూరము నడిపి మరల చూడవలెను.

కార్ల విషయము మనలో కొందరికే అవసరము గనుక క్లుప్తముగ చెప్పెదను. 2020లో కేంద్ర మోటారు వాహన నియమములను సవరించి, ట్యూబులేని టైరులు, గాలి తగ్గుటను తెలుపు సాధనము, పంక్చరు సామగ్రి ఉన్న కార్లకు అదనపు చక్రము తప్పనిసరి కాదనిరి. ఆ సామగ్రిలో చిన్న గాలియంత్రముతో పాటు పూడిక ద్రవపు సీసాయు ఉండును. అది దుకాణమువరకు చేరుటకు మాత్రమే. గంటకు 80 కిలోమీటర్లు మించరాదని దానిపై ముద్రించియుందురు. సీసాకు గడువుతేది కూడ ఉండును. సోలాపురమునుండి నల్దుర్గ, ఉమర్గా, హుమ్నాబాదు, జహీరాబాదుల మీదుగ బంధువులయిండ్లకు పోవువారు బయలుదేరుటకు ముందు ఆ తేదిని చూచుకొందురుగాక. ఆ దారిలోనే సదాశివపేట వద్ద మన తెలుగునేలపై టైరులు చేయు పెద్ద కర్మాగారము కలదు. అచటినుండి క్రొత్త టైరులను మోయు లారీలును అవే ముళ్లపై నడచును.

బోరామణి వద్ద చీలిన ఆ టైరును నేను పారవేయలేదు. పంక్చరు దుకాణమున దానిని కోయించి ఒక ముక్కను పాఠశాల విజ్ఞాన అలమరలో ఉంచితిని. నడకభాగమున విరిగిన తుమ్మముళ్లు అట్లే ఉన్నవి. ప్రతి ముల్లు చుట్టును లోపలివైపున ద్రవము పచ్చని బొట్టువలె గడ్డకట్టియున్నది. ప్రక్కగోడ చీలిక వద్ద అట్టి బొట్టొక్కటియు లేదు. పిల్లలు ముళ్లను లెక్కించి, ఒకరు తొమ్మిదనియు మరొకరు పదకొండనియు నాతో వాదించుచున్నారు.